కొసబంతి బెల్లం

కోతలైపోయాయి. కళ్ళం నిండా వరి పనలు పరిచి, నడుమ గుంజ పాతారు. ఇక పశువుల్ని వరసగా ఒకే పలుపుకి కట్టి, గుంజ చుట్టూ తిప్పి గింజ రాలగొట్టడమే మిగిలింది. ఆ వరసనే బంతి అంటారు. ఎవరెక్కడ నిలబడితే ఆసామి వాళ్ళనక్కడే కట్టేస్తాడు.

చుక్క అనే పెయ్యకి ఇదే తొలి బంతి. నుదుట తెల్లమచ్చ, కాళ్ళలో ఉరకలు, నోట్లో ఆగని మాట. అది వచ్చేసరికే కర్రెన్న అనే దున్నపోతు గుంజని ఆనుకుని నెమరేస్తున్నాడు.

"మావా, నేనెక్కడ నిలబడను?"

"నీలాంటి చురుకైనదాన్ని నడుమ కడితే బంతికే అవమానం. కొసకి పో. కొసవాళ్ళే బంతికి పెద్ద. పొద్దుగూకాక ఆసామి తొట్టెడు తవుడు బెల్లం కలిపి పెడతాడు, వాళ్ళకి మాత్రమే!"

"మరి నువ్వెళ్ళవేం?"

"గౌరవాలు చిన్నవాళ్ళకి వదిలెయ్యాలమ్మా."

చుక్క మురిసిపోయింది. వెనక కాలు ఈడ్చుకుంటూ మైలయ్య అనే ముసలి ఎద్దు దాని దగ్గరికొచ్చాడు. "అమ్మాయీ, ఒక్క మాట..."

"నడవలేనివాళ్ళ దగ్గర నడక నేర్చుకోవాలా తాతా?" అని తోకెగరేసి కొసకి ఉరికింది.

బంతి కదిలింది. కర్రెన్న ఉన్నచోటే మెల్లగా తిరిగితే చాలు. ఆ పాటికే కొసనున్న చుక్క కళ్ళమంతా చుట్టి రావాలి. కాస్త వెనకబడితే వీపున ములుగర్ర. సాయంత్రానికి గిట్ట పగిలి, ముందుకాలు వాచింది. తొట్టిలో చూస్తే అందరికీ పోసిన కుడితే.

"పాపం, ఆసామి మరిచిపోయుంటాడు," అన్నాడు కర్రెన్న కళ్ళు మూసుకునే. కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి!

చుక్క కుంటుకుంటూ పోయి మైలయ్య పక్కన కూలబడింది. "తాతా, నీ కాలెలా పోయింది?"

"పొద్దున అడగాల్సిన మాట. ఆ కొసలోనే పోయింది. కర్రెన్న నాకూ బెల్లమే చెప్పాడు. మోసపోయానంటే పరువు తక్కువని నోరెత్తలేదు. నా తర్వాత కొసకెళ్ళిన బొల్లావూ నోరెత్తలేదు. కాలు పడిపోయాక దాన్ని సంతకి తోలేశారు. రేపూ కొసకెళితే నీకూ సంతే."

చుక్క లేచింది. కుంటు కనపడకుండా పళ్ళు బిగించి, మూతి నాక్కుంటూ కర్రెన్న ముందుకెళ్ళింది.

"నీ నోట అబద్ధం రాదు మావా! ఇందాక నువ్వు కుడితి తాగుతుంటే ఆసామి నన్ను గడ్డివాము వెనక్కి పిలిచాడు. తవుట్లో బెల్లమా అది? బెల్లంలో తవుడు! రేపూ కొస నాదే, ముందే చెబుతున్నా."

కర్రెన్న నెమరు ఆగిపోయింది. ఆ బెల్లం తను పుట్టించిందే. ఆ సంగతి బుర్రకి తెలుసు. నోరు మాత్రం ఊరుతోంది. ఇన్నాళ్ళూ అబద్ధమనుకుని నిజమే చెబుతున్నాడా ఏం?

తెల్లారేసరికి కొసన కొండలా నిలబడ్డాడు. "పెద్దవాణ్ణి నేనుండగా పిల్లదానికి గౌరవమేంటి?"

"నీ ఇష్టం మావా. గౌరవాలు పెద్దవాళ్ళకే వదిలెయ్యాలి," అంటూ చుక్క మైలయ్యని గుంజ పక్కకి నెట్టి, తను అతని పక్కన నిలబడింది.

మధ్యాహ్నానికి కర్రెన్న నాలుక వేలాడేశాడు. "చుక్కా... ఆ బెల్లం... నిజంగానేనా?"

"నన్నడుగుతావేంటి మావా? మాకు చెప్పింది నువ్వే కదా!"

ములుగర్ర ఛెళ్ళుమంది. కర్రెన్న పరిగెత్తాడు.

కొసబంతి సంగతి గుంజ దగ్గరవాణ్ణి అడిగితే బెల్లమే చెబుతాడు, కుంటేవాణ్ణి అడుగు.