ఖుద్దూస్ కుడిచెయ్యి

బాబా మడమ మీది పుండుకు కట్టు మార్చే పని తనకు రాకుండా రహీంతుల్లాకు దక్కిందని ఖుద్దూస్ లోలోపల రగిలిపోతున్నాడు.

కొల్లేరు గట్టున అదొక చిన్న దర్గా. అక్కడ ఉండేది ముగ్గురే. పీరు ఖాసిం బాబా, ఆయన్ని నమ్ముకున్న ఇద్దరు మురీదులు, అంటే శిష్యులు. మొక్కు తీరినవాళ్ళు కోడినో బాతునో తెచ్చి అక్కడ వదిలి పోతుంటారు. వాటిని కోయరు, అమ్మరు. చచ్చేదాకా సాకుతారు. ఆ చాకిరీ అంతా ఖుద్దూస్‌దే. పొద్దున్నే దొడ్లోకి దిగితే గూళ్ళు కడగడం, రెట్టలెత్తడం, పుళ్ళు పడ్డ బాతుల్ని ఒళ్ళో పెట్టుకుని మందు రాయడం. కాళ్ళకు చెప్పులుండవు. చేతులకు ఏ అడ్డమూ ఉండదు.

రహీంతుల్లా సాయానికి వచ్చాడంటే ముందు పాత రబ్బరు బూట్లు, ఆ తర్వాత చేతి తొడుగులు. ఎక్కడన్నా గీరుకుని ఉంటే దానిమీద గుడ్డకట్టు. పని కాగానే మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంటాడు. దొడ్లో కట్టిన లుంగీతో వంటింటి గడప తొక్కడు. ఆ తతంగం చూస్తే ఖుద్దూస్‌కు ఒళ్ళు మండేది.

"అల్లా చేసిన ప్రాణిని ముట్టుకుంటే మైలపడిపోతావా?" అని ఎత్తిపొడిచేవాడు.

"మైల కాదన్నా. నా కాళ్ళకు పగుళ్ళున్నాయి. ఆ బురద మంచిది కాదు."

"ప్రేమ ఉన్నోడికి సబ్బెందుకురా!"

రహీంతుల్లా నవ్వి ఊరుకునేవాడు. మాటల్లో ఖుద్దూస్‌ని గెలవడం ఎవరి తరమూ కాదు. బాతు రెట్టకు మాత్రం మాటలు వినబడవు.

ఆ ఏడు ముసురు పట్టి ఎంతకీ వదల్లేదు. దొడ్డంతా మోకాటి లోతు బురద. బాతులు మెడలు వాల్చి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. పొద్దున లేస్తే పాతిపెట్టడమే పని. ప్రతిదాన్నీ పేరు పెట్టి పిలిచినవాడు కదా, ఖుద్దూస్ ఏడుస్తూనే గోతులు తవ్వాడు. అలా ఒకదాన్ని ఎత్తుతుంటే విరిగిన రెక్క ఎముక అతని కుడిచేతి చూపుడువేలిలో దిగబడింది. నెత్తురు లుంగీకి తుడుచుకుని, దర్గాలో ఊదు వేసే కుంపటి బూడిద కాస్త అద్ది, మళ్ళీ బురదలోకి దిగాడు.

వేలు ముందు ఎర్రబడింది, తర్వాత ఊదారంగుకు తిరిగింది. చీము పట్టింది. ఒళ్ళు కాలిపోతున్నా ఎవరికీ చెప్పలేదు. సేవలో తగిలిన దెబ్బ కదా, చెప్పుకుంటే దాని విలువ పోతుందని అతని లెక్క. తువ్వాలు కింద చెయ్యి దాచుకుని తిరిగేవాడు. బాబా తనంతట తాను చూసి మెచ్చుకుంటే బాగుండునని ఆశ మాత్రం ఉంది.

బాబా చూడలేదు. ఓ సాయంత్రం ఖుద్దూస్ ఇక ఆగలేకపోయాడు.

"బాబా, ఈ దొడ్డికి గొడ్డులా చాకిరీ చేసేది నేను. అసహ్యమంటే ఏంటో ఎరగను. మీ పుండు మాత్రం ఆ చేతులు కడుక్కునేవాడికి అప్పజెప్పారు. నాలో ఏం లోటుంది?"

బాబా వంగి, తన కాలి కట్టు తానే విప్పుకున్నారు. చక్కెర జబ్బు మనిషి. ఎండాకాలంలో పడ్డ పుండు ఇంకా మానలేదు. మళ్ళీ చెడిందంటే కాలు తీసేయాల్సిందేనని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ సంగతి ఖుద్దూస్‌కూ తెలుసు.

ఆ కాలు తెచ్చి ఖుద్దూస్ ఒళ్ళో పెట్టారు బాబా.

"లోటేం లేదు నాయనా. ఈ పూట నువ్వే కట్టు."

ఖుద్దూస్ సంబరంగా దూది కోసం చెయ్యి చాపాడు. తువ్వాలు జారిపోయింది. గోళ్ళ కింద దొడ్డి నలుపు. వేలు ఉబ్బి, చర్మం పగిలి, చీము కారుతోంది. ఆ పక్కనే బాబా పుండు పచ్చిగా ఉంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది?"

"వద్దు బాబా."

"అసహ్యమా?"

"అయ్యో, కాదు బాబా! ఈ చెయ్యి తగిలితే మీ కాలు..." అంతే, ఏడుపొచ్చేసింది.

బాబా కాలు వెనక్కి తీసుకోలేదు.

"మురీదువైన రోజు, ఇక మీవాణ్ణని నా చేతిలో ఏ చెయ్యి పెట్టావు?"

"ఇదే బాబా."

"మరి అప్పట్నించి అదెవరిది?"

రహీంతుల్లా వచ్చి ఆ చేతిమీద నీళ్ళు పోసి సబ్బుతో కడిగి, గుడ్డ చుట్టి, వానలోనే ఆటో మాట్లాడి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. విషం పైకి ఎక్కుతోందన్నారు. చెయ్యి దక్కింది, చూపుడువేలు దక్కలేదు.

తిరిగొచ్చేసరికి దొడ్లో బాతులు సగం కూడా లేవు. ముసురు ఇంకా వదల్లేదు. ఖుద్దూస్ తడిసిన చాప మీద బాబా ఎదుట కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాపాడు.

"మీ సొత్తులో ఒక వేలు పోగొట్టాను బాబా."

ఆయన కళ్ళు తడిశాయి. ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు.

"మిగిలిన నాలుగూ నావే," అన్నారు.