బయ్యక్క నేలకిచ్చిన చెయ్యి

గుట్టలకు ఇంకా పేర్లు పెట్టని కాలమది. ఆ గుట్టల కింద బయ్యక్క అనే ముసలామె ఉండేది. ఒక గుడిసె, ఒక తవ్వుకోల, ఒక గంప. అంతే ఆమె ఆస్తి. చిన్నప్పుడే చనిపోయిన కూతుర్ని మూడో గుట్ట వాలులో పాతిపెట్టుకుంది. ఏటా వానలకు అక్కడ అగ్నిశిఖ తీగలు లేచేవి. ఆకు కొనతో పక్క పొదను పట్టుకుని పాకేవి. వాటి పూలు పచ్చగా విచ్చి, ఎర్రగా మండేవి. బయ్యక్క వాటి పక్కన కూర్చుని, "వచ్చినవా బిడ్డా" అనేది.

ఆ పూలు, కోటలాంటి గడి కట్టుకుని ఆ నేలను ఏలే దొర కంట పడ్డాయి. "ఇవి నా గడిలో పూయాలి" అన్నాడు.

"అడవిల పుట్టింది, గడిల బతకది దొరా" అంది బయ్యక్క.

"నా గడి కంటే నీ అడవి పెద్దదా?"

"పెద్దదే దొరా. మీ గడి దాంట్లనే ఉంది."

మొదటి వేసవిలో దొర మొదటి గుట్ట మీది అగ్నిశిఖ దుంపలు తవ్వించాడు. గడిలో నాటి రోజూ నీళ్ళు పోశారు. దుంపలు కుళ్ళిపోయాయి. రెండో వేసవిలో రెండో గుట్ట తవ్వించాడు. పట్టుకోవడానికి పొద లేక, గడి వాకిట్లో తీగలు నేలకు ఒరిగి మాడిపోయాయి. మూడో వేసవికి మూడో గుట్టే మిగిలింది.

"ఈసారి ముసల్దే తవ్వాలి. ఒక్క దుంప మిగలొద్దు" అన్నాడు దొర.

నేలను ఏలినవాడెవడూ దాన్ని పుట్టించలేదు. ఆ మాట అనడానికి ఆ రోజుల్లో ఎవరికీ నోరు లేదు.

బయ్యక్క తవ్వింది. అగ్నిశిఖ దుంప నాగలిలా రెండుగా చీలి ఉంటుంది. రెండు కొనల్లోనూ మొలక ఉంటుంది. ప్రతి దుంపనూ ఆమె విరిచింది. ఒక ముక్క గంపలో వేసింది. ఒక ముక్క గుంతలో పెట్టి మన్ను కప్పింది.

దొర గంపలోకి చూశాడు. "సగమే ఉన్నయేం?"

"దీనికి రెండు చేతులు దొరా. ఒకటి మీకిచ్చిన. ఒకటి నేలకిచ్చిన."

"నేల నాదే."

"మీదైతే, అదీ మీకిచ్చినట్టే గదా."

మళ్ళీ తవ్వమని దొర ముగ్గురు మనుషుల్ని పిలిచాడు. ఒకడు నడుము నొప్పన్నాడు. ఒకడు జ్వరమన్నాడు. ఒకడు తవ్వుకోల పోయిందన్నాడు.

దొర ఆ కోపం బయ్యక్క మీద తీర్చుకున్నాడు. వాగు దాటించి వెళ్ళగొట్టాడు. వాన రాకముందే ఆమె అవతలి ఒడ్డున కన్నుమూసింది. నడుము నొప్పివాడు, జ్వరంవాడు, తవ్వుకోల పోయినవాడు ఆమెను మోసుకొచ్చి కూతురి పక్కన పాతిపెట్టారు.

గడిలో నాటినవి ఆ ఏడూ బతకలేదు. గుట్ట వాలు మాత్రం వానలకు ఎర్రగా పూసింది.

ఇప్పటికీ ఆ గుట్టల్లో మందు కోసం అగ్నిశిఖ తవ్వేవాళ్ళు దుంపను విరిచి, ఒక ముక్క గుంతలో పెట్టి మన్ను కప్పుతారు. నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు అరచేత్తో ఆ మన్నును తడతారు. "నీ బిడ్డ నీ కాడనే ఉంది బయ్యక్కా" అని చెప్పి, అప్పుడు లేస్తారు.