రెండోది గవరయ్యకి

అనగనగా అంటే చాలు, రాజులొచ్చి కూర్చుంటారు. ఈ కథలో వాళ్ళకి చోటు లేదు. అనగనగా ఒక ముసలి లారీ. అది కొండ మీదికి ఉప్పు మోసేది, కొండ మీంచి చింతపండు దింపేది.

ఆ లారీలో గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఒకసారి తొక్కి ఉన్న గేరు విడిపించాలి. కాలు తీసి ఇంజను వేగం పెంచాలి. రెండోసారి తొక్కి కింది గేరు వెయ్యాలి. అదను తప్పితే లోపల పళ్ళు కరకరలాడతాయి, గేరు పడదు, బండి దిగువకి జారిపోతుంది.

ఘాటు రోడ్డు మూడో మలుపులో ఒక డ్రైవరు పోయాడు. "తప్పు బండిది కాదు, డ్రైవరుది," అన్నాడు లారీ షావుకారు. బండిని లోయలోంచి పైకి లాగించి రంగు వేయించాడు. అక్కడే రెండో డ్రైవరు పోయాడు. "తప్పు బండిది కాదు, డ్రైవరుది," అన్నాడు. మళ్ళీ లాగించాడు, మళ్ళీ రంగు వేయించాడు. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా.

మూడో డ్రైవరుగా పోలయ్యను పెట్టాడు. పోలయ్య పెళ్ళాం సన్యాసమ్మ, కొండ కింద షెడ్డులో లారీలు బాగుచేసే గవరయ్య దగ్గరికి వచ్చింది. గవరయ్యకి సొంత షెడ్డు లేదు, చదువు లేదు. బతుకులో సగం బండ్ల కిందే పడుకున్నాడు.

"గవరన్నా, సోమారం లోడుకి మా ఆయన్ని ఎక్కిత్తన్నారు. నువ్వు బండి సూసినోడివి. సెప్పు, తప్పెవుడిది?"

"గేరుపెట్టెది తల్లీ."

"ఆ మాట నాకు సెప్తే ఏటి లాభం? పెట్టెకి సెప్పు."

గవరయ్య షావుకారుకి కబురంపాడు. "చక్రాల మీది కమాను పట్టీ విరిగింది బాబూ, మూడు రోజులు పడతాది." అది అబద్ధం. బతుకులో ఆయనాడిన అబద్ధం అదొక్కటే అంటారు. నేను నమ్మను. మంచివాళ్ళకి ఇంకా చాలా ఆడాల్సి వస్తుంది.

షెడ్డు వెనక తుక్కులో తర్వాతి కాలపు లారీ ఒకటి పడుంది. దాని గేరుపెట్టెలో ఇత్తడి రింగులున్నాయి. అవి మొదట పెట్టెలోని గేరు చక్రాల వేగాన్ని సమానం చేస్తాయి, ఆ తర్వాతే పళ్ళు కలుస్తాయి. "సమానం సెయ్యకుండా కలపాలని సూస్తే పళ్ళే రాలతాయి," అనేవాడు గవరయ్య.

మొదటి రోజు ఆ పెట్టె విప్పి తెచ్చి ముసలి లారీకి పెట్టబోతే, దాని బోల్టులు పాత ఇంజను రంధ్రాలకి కలవలేదు.

"సరిపోదు," అన్నారు షెడ్డువాళ్ళు.

"సరిపోదు. సరిపెడదాం." ఇనుప పలక కోసి, కొత్త రంధ్రాలు వేసి, మధ్యలో బిగించాడు.

రెండో రోజు పెట్టె కడ్డీ పాత క్లచ్ ప్లేటులో దూరలేదు. "సరిపోదు." "సరిపెడదాం." తుక్కు లారీ ప్లేటే తెచ్చి వేశాడు.

మూడో రోజు వెనక చక్రాలకి పోయే షాఫ్టు జానెడు పొడుగైంది. ఈసారి షెడ్డువాళ్ళే రంపం అందించారు. గవరయ్య కోసి అతికించాడు.

సోమవారం షావుకారు వచ్చి చూసి మండిపడ్డాడు. "ఎవడు చెయ్యమన్నాడురా? లోయలో పడితే?"

"పడితే అందులో నానూ ఉంటాను బాబూ," అని గవరయ్య పోలయ్య పక్కన ఎక్కాడు.

"నన్నొగ్గేసి ఎలిపోతారేటి?" అని సన్యాసమ్మా ఎక్కింది.

ముగ్గురూ ఉప్పుతో కొండెక్కారు, చింతపండుతో దిగారు. మూడో మలుపు వచ్చింది. పోలయ్య క్లచ్ తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. కింది గేరు చప్పుడు లేకుండా పడింది. బండి నెమ్మదించి మలుపు తిరిగింది.

"ఒకపాలి సాలురా. రెండోది దేనికి?" అన్నాడు గవరయ్య.

"కాలికి అలవాటన్నా. పోనీ, రెండోది నువ్వే ఉంచుకో."

సన్యాసమ్మ అప్పుడు ఏడ్చింది.

కింద షావుకారు అందరికీ చెప్పాడు: "చూశారా? బండి మంచిదే. తప్పు డ్రైవర్లదని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

చాలా ఏళ్ళకి గవరయ్య దగ్గుతో పోయాడు. మూడో మలుపులో ఒక రాతిపలక ఉంది. దాని మీద రోడ్డు ప్రారంభించిన దొర పేరుంది. గవరయ్య పేరు లేదు.

అయినా ఆ దారిలో ఎవడైనా "తప్పు డ్రైవరుది" అంటే, "బండి కింద పడుకుని సూసినావా?" అని ఇప్పటికీ అడుగుతారు. ఇప్పుడు ఏ లారీకీ రెండుసార్లు తొక్కే పని లేదు. మూడో మలుపులో మాత్రం డ్రైవర్లు రెండుసార్లు తొక్కుతారు. ఒకటి గేరుకి. రెండోది గవరయ్యకి.