దాలమ్మ మూడో గోడ

ఏ తాత చూశాడో, ఏ అవ్వ చెప్పిందో తెలియదు. లెక్కకు అందనంత వెనక, కొండల నడుమ ఒక ఊరుండేది. ఆ ఊరికి, కొండ మలుపు వెనక, ఒక ఊట ఉండేది. ఊట చుట్టూ మద్దిచెట్లు ఉండేవి. ఆ మద్దివేళ్ళే కొండ కడుపులోని నీళ్ళను పట్టి ఉంచి, ఊరికి కొంచెం కొంచెంగా వదులుతాయని అందరి నమ్మకం. మద్దులుంటే ఊట, ఊట ఉంటే ఊరు, ఊరుంటే మనుషులు.

ఆ మనుషుల్లో దాలమ్మ ఒకతె. మొగుడు లేడు. పొలం లేదు. ఊళ్ళో వాళ్ళ గోడలు అలికి, పెట్టింది తినేది. ఒక్కగానొక్క కొడుకు ఉండేవాడు. వాడు ఒకరోజు అడవిలో ముష్టిపండు తిన్నాడు. నారింజలా నోరూరిస్తుంది ఆ పండు. గింజ నమిలితే ప్రాణం తీస్తుంది. వాడికి ఏది ఏ చెట్టో తెలియని వయసు. పొద్దున వెళ్ళినవాడిని మధ్యాహ్నానికి మోసుకొచ్చారు.

దాలమ్మ ఏడ్చింది. మట్టి కలుపుతూ ఏడ్చింది, గోడ అలుకుతూ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒకనాడు తన ఇంటి గోడ మీద ఎర్రమట్టితో ముష్టిచెట్టు బొమ్మ గీసింది. ఆకు ఎలా ఉంటుందో గీసింది, పండు ఎలా ఉంటుందో గీసింది. చివరకు అరచేయి మసిలో ముంచి ఆ చెట్టు మీద నల్లగా అద్దింది. ముట్టుకోవద్దని దాని అర్థం.

ఇక చేయి ఆగలేదు. ముందుగోడ నిండా తూర్పు కొండ గీసింది. పక్కగోడ నిండా దక్షిణపు లోయ గీసింది. పెరటిగోడ నిండా ఊట, మద్దులు, రాబందుల గట్టు గీసింది. ఏ చెట్టు ఎక్కడుంటే అక్కడే గీసింది. దాని పక్కనే దారి, దారిలో బండ, బండ మీద ఎండ కాచుకునే ఉడుము. ఎలుగుబంటి గుహ, నెమళ్ళు ఆడే బయలు, తేనెపట్టు వేలాడే కొమ్మ, ఏదీ వదల్లేదు. ముష్టిచెట్టు ఉన్న ప్రతిచోటా నల్లచెయ్యి పడింది. ముష్టిచెట్లు ఎక్కువగా ఉండేది రాబందుల గట్టు మీద. అక్కడ నల్లచేతులు గుంపుగా ఉండేవి.

అప్పటికి ఆ కొండల్లో పుస్తకమన్న మాటే లేదు. పిల్లలకు ఆ గోడలే బొమ్మల పుస్తకం. పొద్దున్నే గోడల ముందు చేరేవారు. దాలమ్మ అడిగేది, వాళ్ళు అరిచేవారు.

"సెట్టు మీద ఏటుంది?"

"పండుంది."

"సెట్టు కింద ఏటుంది?"

"దారుంది."

"నల్లసెయ్యి కనపడితే?"

"ఎనక్కి రా."

"గోడ అబద్దం సెప్తాదా?"

"సెప్పదు!"

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఏ తల్లీ అడవి నుంచి బిడ్డను మోసుకురాలేదు. దాలమ్మను ఎవరూ పొగడలేదు. గోడలు అలికే మనిషి గోడలు అలికింది, అంతేగా అనుకున్నారు. ఆమె కూడా అంతే అనుకుంది.

అలా ఉండగా దివాణంలో మేడ కట్టడం మొదలైంది. మేడకు తలుపులు కావాలి. దివాణం పెత్తందారు బళ్ళు కట్టించుకుని కొండల్లోకి వచ్చాడు.

"టేకు ఎక్కడుంది?" అని ఊరిపెద్దను అడిగాడు. ఆ పెద్ద పేరు సన్నాసి.

"టేకా? ఇక్కడెక్కడిది బాబూ? అన్నీ తుప్పలే," అన్నాడు సన్నాసి. ఊరంతా తలూపింది.

పెత్తందారు దాహం వేసి దాలమ్మ ఇంటి ముందు కూర్చున్నాడు. దాలమ్మే ముంతతో నీళ్ళిచ్చింది. తాగి తలెత్తాడు. ఎదురుగా ముందుగోడ. పిల్లలు పోటీలు పడి చదివి వినిపించారు. వాళ్ళకు అది గొప్ప. టేకు తోపు ఎక్కడుందో, దారి ఎటో, బండ దగ్గర ఎటు తిరగాలో అంతా చెప్పారు. పెత్తందారు బొమ్మను మెచ్చుకున్నాడు కూడా. దాలమ్మ సిగ్గుపడింది. ఆ మనిషి ఎందుకు మెచ్చుకున్నాడో తెలిసేసరికి తూర్పు కొండ బోడిగుండు అయిపోయింది.

మరుసటేడు మేడకు స్తంభాలు కావలసి వచ్చాయి. ఈసారి పెత్తందారు ఎవరినీ అడగలేదు. నేరుగా వచ్చి పక్కగోడ ముందు నిలబడ్డాడు. స్తంభాలకు పనికొచ్చే ఏగిసచెట్లు ఏ లోయలో ఉన్నాయో చూసుకున్నాడు. దాలమ్మ అడ్డం వెళ్ళి గోడకు వీపు ఆనించి నిలబడింది. ఒక్క మనిషి వీపు ఎంత గోడను కప్పుతుంది? దక్షిణపు లోయ కూడా పోయింది. దారి చూపించనన్న ఒక కుర్రాడిని బండికి కట్టి కొట్టారు. వాడు ఆ తర్వాత సరిగ్గా నడవలేదు.

మూడో ఏడు కబురే ముందొచ్చింది. మేడకు దూలాలు కావాలి, పొడవైన మద్దిమానులు కావాలి, వానలు వెలిసాక వస్తాం.

ఊరు ఊరంతా దాలమ్మ పెరట్లో చేరింది. పెరటిగోడ ఒక్కటే పెత్తందారు ఇంకా చూడనిది. దాని మీద ఊటా ఉంది, మద్దులూ ఉన్నాయి. అందరూ ఆ గోడనే చూశారు. చివరకు దాలమ్మే అంది.

"సెరిపేత్తాను. గోడంతా పేడతో అలికేత్తాను."

"సెరిపేత్తే మనుషుల్ని కట్టి కొడతాడు. ఎవుడో ఒకడు సెప్పేత్తాడు," అన్నాడు సన్నాసి. "గోడ ఉండాలి. ఆడికి గోడ మీద నమ్మకం. తప్పుదారి గియ్యి దాలమ్మా. మద్దులు రాబందుల గట్టు మీద ఉన్నట్టు గియ్యి. ఊట కాడ నల్లసెయ్యి ఎయ్యి. ముష్టి అడివనుకుని అటేపు రాడు."

దాలమ్మ గట్టు బొమ్మ మీద చెయ్యి పెట్టింది. "గట్టు మీదున్న నల్లసేతులో?"

"కప్పేయాలి మరి."

"నా వల్ల కాదు బాబూ. పిల్లగుంటలు గోడని నమ్ముతారు. నానే నేర్పాను."

"గుంటలకి మనం సెప్పుకుందాం. ఈ గోడ అబద్దమని ఇంటింటా సెప్పుకుందాం. ఊట పోతే ఆ గుంటలేటి తాగుతారే?"

  వాన వెలిసిన ఒక పగలు దాలమ్మ ఎర్రమట్టి తడిపి కూర్చుంది. రాబందుల గట్టు మీది నల్లచేతులను ఒక్కొక్కటిగా సున్నంతో పూసింది. వాటి మీద మద్దులు గీసింది, మద్దుల కింద ఊటనీళ్ళ గీతలు పెట్టింది. నిజమైన ఊట దగ్గర ముష్టిచెట్లు గీసి, అరచేయి మసిలో ముంచింది. ఆ చెయ్యి గోడ దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని అద్దేసింది.

ఇంటింటా చెప్పారు. తల్లులు పిల్లలకు చెప్పారు, పిల్లలు పిల్లలకు చెప్పుకున్నారు. పెత్తందారు ముందు ఎవరూ నోరు మెదపలేదు. అతను పెరటిగోడ చూశాడు. తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

"గోడ అబద్ధం చెప్పదు కదూ, దాలమ్మా?"

"సెప్పదు బాబూ," అంది దాలమ్మ.

బళ్ళు రాబందుల గట్టుకు వెళ్ళాయి. రాళ్ళూ ముష్టిచెట్లూ తప్ప అక్కడ ఏమీ లేదు. తిట్టుకుంటూ దిగివచ్చాడు. పిడుగులు పడి మద్దులన్నీ కాలిపోయాయని సన్నాసి నీళ్ళు నమిలాడు. నమ్మాడో లేదో గాని పెత్తందారు ఉత్త బళ్ళతో వెళ్ళిపోయాడు. ఊట నిలిచింది. ఊరు డప్పు కొట్టింది. దాలమ్మ మాత్రం సున్నం గిన్నె పట్టుకుని వచ్చింది.

"బొమ్మ సరిజేత్తాను బాబూ."

"ఇప్పుడే వద్దు. మళ్ళీ వచ్చినా వత్తాడు. కొన్నాళ్ళుండనీ," అన్నాడు సన్నాసి.

ఆ కొన్నాళ్ళే కొంప ముంచాయి.

నారమ్మ అని దాలమ్మ పొరుగింటామె. ఆమె కూతురు పోలి. పాలపళ్ళు ఊడుతున్న వయసు. గోడ ముందు అందరికంటే గట్టిగా అరిచేది పోలే. వానలకు ముందే దాన్ని అమ్మమ్మ ఊరికి తీసుకువెళ్ళారు. పెరట్లో ఊరంతా చేరినప్పుడు అది లేదు. ఇంటింటా చెప్పినప్పుడు అది లేదు. బళ్ళు వచ్చి వెళ్ళినప్పుడూ లేదు. ఒక సాయంత్రం మామయ్య భుజాల మీద వచ్చి, తిని, పడుకుంది. తెల్లారగానే పెరటిగోడ దగ్గరకు పరిగెత్తింది.

దాలమ్మ అప్పుడు చేట చెరుగుతూ ఉంది. పోలిని చూసి, "వచ్చీసేవా తల్లీ?" అని నవ్వింది. వాళ్ళమ్మ చెప్పే ఉంటుంది అనుకుంది. వాళ్ళమ్మ, దాలమ్మ చెబుతుందిలే అనుకుంది. తోటి పిల్లలు, దీనికి తెలియకపోవడమేమిటి అనుకున్నారు.

పోలి గోడ ముందు చాలాసేపు నిలబడింది. ఊట ఉన్నచోట నల్లచెయ్యి. రాబందుల గట్టు మీద ఊట. అమ్మమ్మ ఊరికి వెళ్ళేదాకా రోజూ తన కాళ్ళు తడిసిన ఊట అది. అయినా ఆ పిల్ల తన కాళ్ళను నమ్మలేదు, గోడను నమ్మింది. దారిలో కనిపించిన ఒక పిల్లాడితో, "ఊట గట్టు మీదకెల్లిపోనాదంట, సూసొత్తాను," అంది. వాడు ఆటకంటుందనుకుని నవ్వి ఊరుకున్నాడు.

గట్టు మీద చెట్ల నిండా పళ్ళున్నాయి. పోలికి గుర్తు నల్లచెయ్యే, గోడ మీద అక్కడ అది లేదు.

పోలిని మేకల కాపరులు మోసుకొచ్చారు. ఒడిలో ఇంకో రెండు పళ్ళున్నాయి. ఒకటి అమ్మకట, ఒకటి దాలమ్మకట. కొనఊపిరితో అది చెప్పిన మాట అదే.

ఊరు దాలమ్మను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గియ్యమన్నది ఊరే, ఉంచమన్నది ఊరే, చెప్పుకుంటామన్నది ఊరే. ఎవరి మొహం ఎవరూ చూడలేకపోయారు. సన్నాసి తలపాగా తీసి నేల మీద పెట్టి కూర్చున్నాడు, చాలా రోజులు అది కట్టలేదు. నారమ్మ ఒక్కతే దాలమ్మ దగ్గరకు వచ్చి, ఎప్పటిలా అక్క వరసతో పిలిచింది.

"అప్పా, నిన్నేటీ అనను. ఊట నిలిచింది, నాకూ తెలుసు. గాని నీళ్ళు తాగితే నా గుంటని తాగినట్టుంటంది. ఎలగ తాగను?"

  ఆ రోజు నుంచి దాలమ్మ ఆ ఊట నీళ్ళు ముట్టలేదు. దూరంగా లోయలో ఎండుతున్న వాగు దాకా నడిచి, బురదనీళ్ళు వడకట్టుకుని తాగేది. గోడలన్నీ పేడతో అలికేసింది. చేతికి మసి తగలకుండా పొయ్యి కూడా పక్కింటివాళ్ళతో వెలిగించుకునేది. కొడుకును పోగొట్టుకున్నప్పుడు ఏడుపన్నా వచ్చింది, గీయడానికి చెయ్యన్నా వచ్చింది. ఇప్పుడు రెండూ లేవు. పిల్లలు పెరట్లోకి వచ్చి, "సెట్టు మీద ఏటుందో అడుగవా దాలమ్మా," అనేవారు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది.

ఒక ఎండాకాలం వాగు దారిలోనే పడిపోయింది. కుండ పక్కన దొరికింది. ఊటకు దగ్గరలోనే పడిందని కొందరంటారు. నాలుగడుగులు వేస్తే చల్లటి నీళ్ళు, అయినా వెయ్యలేదంటారు. నాకు తెలియదు. నేను చూడలేదు.

చచ్చాక గాని ఆ ఊరికి దాలమ్మ ఎవరో తెలిసిరాలేదు. ఎప్పుడూ అంతేగా. గుడి కట్టలేదు, రాయి పాతలేదు. ఒక్కటి చేశారు. ఆ కొండల్లో ఇప్పటికీ చేస్తున్నారు. పిల్లలకు బొమ్మలు గీసిచ్చి ఊరుకోరు. చెయ్యి పట్టుకుని చెట్టు దాకా తీసుకెళ్ళి ఆకు చేతిలో పెడతారు.

ఇంకోటి కూడా చేస్తారు. ఆ ఊళ్ళోకి ఎవరు తిరిగివచ్చినా, అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన చంటిదైనా, సంత నుంచి వచ్చిన మొగాడైనా, పొలిమేర దగ్గరే ఆపుతారు. మూట దించనివ్వరు, నీళ్ళివ్వరు. మొదట కనిపించిన మనిషి, వచ్చినవాళ్ళు అయినవాళ్ళా కానివాళ్ళా అని చూడకుండా, వేరేవాళ్ళు చెబుతారులే అనుకోకుండా, వాళ్ళు లేనప్పుడు ఏమేం మారిందో అంతా చెప్పాలి. ఫలానా కొమ్మ విరిగింది, ఫలానా ఆవు ఈనింది, ఫలానా దారిలో పుట్ట లేచింది. దీన్ని దాలమ్మ మాట అంటారు. మారింది ఏమీ లేకపోతే, ఏమీ మారలేదని చెప్పి, ఆ మాట వాళ్ళ నోటితో మళ్ళీ అనిపించి, అప్పుడు ఊట నీళ్ళిస్తారు.