మంగళవారం కొన్న కారు

అనగనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు. సత్తిపండు అనే డ్రైవరు ఉన్నాడు. పదమూడేళ్ళు వేరేవాళ్ళ కార్లే తోలాడు. సొంతంగా ఒక కారు కొనుక్కుని కిరాయిలకి తిప్పుకోవాలని వాడి ఆశ. ఊఁ కొట్టు నాన్నా, కొడితేనే చెప్తా.

వాడి పెళ్ళాం పేరు కనకవల్లి. ఇంటింటికీ తిరిగి వాయిదాల మీద చీరలు అమ్మేది. ఇద్దరూ కలిసి రెండు లక్షలు కూడబెట్టారు. కారేమో ఏడు లక్షలు. మిగతా ఐదు లక్షలూ అప్పు చెయ్యాలి. ఆ అప్పు కట్టలేకపోయారనుకో, ఫైనాన్సు వాళ్ళొచ్చి కారు పట్టుకుపోతారు. కారూ పోతుంది, కూడబెట్టిందీ పోతుంది. అదీ వాళ్ళ భయం.

అప్పుడు సత్తిపండు పట్నం వెళ్ళి షోరూమ్‌లో అడ్వాన్సు ఇచ్చాడు. అక్కడ టై కట్టుకున్న అబ్బాయి ఒకడున్నాడు. "అప్పు సంగతి మేం చూసుకుంటాం అన్నా. మీరు మంచి ముహూర్తం చూసుకుని రండి చాలు" అన్నాడు. పంతులుగారు గురువారం పదీ నలభైకి పెట్టారు.

ఆ తర్వాత గురువారం రానే వచ్చింది. సత్తిపండు, కనకవల్లి, వాడి తల్లి సుబ్బాయమ్మ, ముగ్గురూ వెళ్ళారు. కారుకి దండ వేసి ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేసి ఉన్నాయి. కాగితాలు మాత్రం లేవు. పదింటికి అడిగితే వస్తున్నాయన్నారు. పదింబావుకి అడిగితే ప్రింటు తీస్తున్నామన్నారు. పదిన్నరకి ఇంత లావు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు.

"పదే నిమిషాలుంది అన్నా. ఇంటూ మార్కు ఉన్నచోటల్లా సంతకం పెట్టెయ్యండి. తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు" అన్నాడు ఆ అబ్బాయి.

సత్తిపండు పెన్ను తీశాడు. కనకవల్లి వాడి చెయ్యి పట్టుకుంది.

"నెలకెంత బాబూ?"

"తొమ్మిది వేల ఎనిమిది వందలే అక్కా. రోజుకి మూడొందల చిల్లర. ఒక్క కిరాయి డబ్బులు!"

ఆ మాట వినగానే కనకవల్లికి తన చీరలు గుర్తొచ్చాయి. వారానికి యాభయ్యే వదినా, అంటే చాలు, చీర తీసేసుకునేవారు. మొత్తం ఎంతని ఒక్కరూ అడిగేవారు కాదు. అడగకూడదనే తనూ అలా చెప్పేది. మంచి పని కాదనుకో, కానీ చేసేది.

"మరి ఎన్ని నెలలు?" అంది. అబ్బాయి నసిగాడు. ఎనభై నాలుగు నెలలట. అంటే ఏడేళ్ళు. ఫోనులో గుణిస్తే ఎనిమిది లక్షల ఇరవై మూడు వేలు తేలింది!

అప్పుడు కనకవల్లి కాగితం తిప్పింది. అప్పు ఐదు లక్షలు కాదు, ఐదు లక్షల నలభై వేలని ఉంది. "ఈ నలభై ఏంటి?" అంది. "సీటు కవర్లు, అడుగున తుప్పు పట్టకుండా పూత, ఎక్కువ వారంటీ. అందరూ తీసుకుంటారక్కా." "మేం అడిగామా?"

ఇంకో కాగితం తిప్పింది. వడ్డీ రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. "అది మేం నింపుకుంటాంలే అక్కా" అన్నాడు. కనకవల్లి లేచి నిలబడింది.

సుబ్బాయమ్మ గొల్లుమంది. "దండేసిన బండిని వదిలేసి పోతారటే? ఈ కొబ్బరికాయ ఏం చెయ్యను?"

"పచ్చడి చేస్తాలే అత్తా."

"అడ్వాన్సు పోతుందక్కా" అన్నాడు అబ్బాయి.

"బండి వద్దన్నానా? నీ దగ్గర అప్పు వద్దన్నాను. బండి ఉంచు."

ముగ్గురూ బస్సులోనే తిరిగొచ్చారు. వీధి మొదట్లో ఎవరో కేకేశారు. "ఏరా సత్తిపండూ, కారు వెనక బస్సులో వస్తోందా?" పాపం, ఆ పూట వాడు అన్నం తినలేదు.

ఆ తర్వాత ఇద్దరూ బ్యాంకుల చుట్టూ తిరిగారు. మొదటి బ్యాంకు కుదరదంది. రెండోది రేపు రా, ఎల్లుండి రా అంది. మూడోది ఐదు లక్షలూ ఇచ్చింది. ఐదేళ్ళు, నెలకి పదివేల ఐదు వందలు. మొత్తం ఆరు లక్షల ముప్ఫై వేలు. నెలకి ఏడొందలు ఎక్కువే. కానీ మొత్తం మీద రెండు లక్షలకి కాస్త తక్కువ మిగులు. "నేను సంతకం పెట్టేసేవాణ్ణే" అన్నాడు సత్తిపండు.

అప్పుడు కారు తెచ్చుకోడానికి కనకవల్లి ఏ రోజు ఎంచిందో తెలుసా? మంగళవారం మధ్యాహ్నం. ఆ రోజు ఎవరూ బండి తీసుకోరు. షోరూమ్ ఖాళీగా ఉంది. తరమడానికి ముహూర్తమూ లేదు. కనకవల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇప్పుడు చదువు బాబూ, ఒక్కో లైనూ." టై అబ్బాయి రెండు గంటలు బండి కాగితాలు చదివాడు. రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాయించింది. అన్నింటికీ ఒక్కో కాపీ తీసుకుని సంచిలో పెట్టుకుంది. సుబ్బాయమ్మ దారి పొడుగునా మంగళవారాన్ని తిట్టింది. తిడుతూనే ముందు సీట్లో కూర్చుంది.

ఐదేళ్ళూ వాయిదా తప్పలేదు. బాకీ తీరిందని బ్యాంకు కాగితం ఇచ్చింది. ఆ కాగితం చూపించి, బండి ఆర్సీ పుస్తకంలోంచి బ్యాంకు పేరు కూడా తీయించుకున్నారు.

ఆరో ఏడు సత్తిపండుకి కాలు విరిగింది. ఐదు నెలలు కారు ఇంటి ముందు కదలకుండా నిలబడింది. అదే షోరూమ్ అప్పయితే ఇంకా ఏడాది పైనే కట్టాల్సి ఉండేది. ఐదు నెలల్లో కారు పట్టుకుపోడానికి ఎవరూ రాలేదు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

కథేమో కంచికి,
కారేమో ఇంటికి,
కాగితం ముందు కంటికి,
కలం ఆ తర్వాతే చేతికి,
నువ్వింక నిద్దరకి.