పడమట పొడిచే పొద్దు

నాంచారమ్మగారికి ఒక అలవాటుంది. శిష్యుడు మాటకి అర్థం అడిగితే ఆవిడ ఎవరింటి గొడవో చెబుతారు.

ఆ రోజు విశ్వపతి అడిగాడు. "అమ్మా, దిక్కు, భ్రమ కలిస్తే దిగ్భ్రమ అయింది. ఇప్పుడేమో పత్రికల వాళ్ళు పులి దూకినా, ధర పెరిగినా దిగ్భ్రమ అనే రాస్తున్నారు. అసలర్థం దిక్కు తెలియకపోవడమేగా?"

"తెలియనివాడు దారి అడుగుతాడు నాయనా. అది జబ్బే కాదు" అని ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు.

వకుళ అనే పిల్ల కొత్తగా కాపురానికి వచ్చింది. గూడుబండిలో నిద్రపోతూ వచ్చి అత్తగారి గుమ్మంలో దిగింది. దిగిన క్షణాన తలలో దిక్కులు తారుమారయ్యాయి. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఆరునెలలకి అత్తగారు మాణిక్యాంబకి విషజ్వరం వచ్చింది. కోడలు కంగారుగా లోపలి గదిలో పక్క వేసి, దక్షిణం అనుకున్న వైపు తల పెట్టి పడుకోబెట్టింది. అది ఉత్తరం. ఆ ఇంట్లో ఉత్తరానికి తల పెట్టడమంటే చావును పిలవడమే.

జ్వరం తగ్గి కళ్ళు తెరిచిన మాణిక్యాంబ మండిపడింది. "నా చావు కోసం ఇంత తొందరా నీకు? రోజూ సాయంత్రం మూతి ముడుచుకుని పెరటి అరుగు మీద కూర్చుంటే ఏమో అనుకున్నాను. ఒరేయ్, బండి కట్టరా! దీన్ని పుట్టింట్లో దింపి రా!"

కొడుకు బండి కట్టడానికి బయల్దేరాడు. మగాడు సరిగ్గా ఇలాంటి వేళే ఎద్దుల కోసం వెతుకుతాడు.

"నాకిక్కడ పొద్దు పడమట పొడుస్తుంది అత్తయ్యా" అంది పిల్ల ఏడుస్తూ.

"నాటకాలా? మీ ఊరెటో చూపించు."

ఆలోచించకుండా పిల్ల చెయ్యెత్తి పెరటి వైపు చూపించింది. వాళ్ళ ఊరు వీధి గుమ్మం వైపుంది.

ముసలావిడకి ఆరునెలల నుంచీ ఆ అరుగు మీద ఈ పిల్ల ఎటు చూస్తూ కూర్చుందో అప్పుడు తెలిసింది. నీరసంగానే లేచి, కోడలి చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. "ఇదేనే, మీ అమ్మ ఇంటి దారి" అంది. కొడుకు కట్టిన బండి విప్పేశాడు.

విశ్వపతి అడిగాడు. "మరి భ్రమ పోయిందా అమ్మా?"

"అత్తగారిది ఆ పూటే పోయింది. కోడలికి ఇప్పటికీ పొద్దు పడమటే పొడుస్తోంది" అన్నారు నాంచారమ్మగారు.