గోడకెక్కిన దారిరాళ్లు

ఆ నగరానికి నది లేదు, సముద్రం అసలే లేదు. తూర్పున నల్లరేగడి, పడమరన రాతినేల. ఆ రెండూ కలిసే చోట అది ఉండేది.

రేగడిలో మెత్తగా నడిచొచ్చిన ఎడ్లు రాళ్లమీద గిట్టలరిగి కూలబడేవి. అందుకని ప్రతి బండీ అక్కడ ఆగి, ఎడ్లకు నాడాలు కొట్టించుకుని గానీ కదిలేది కాదు. నాడాలు కొట్టేవాడి పక్కన గడ్డి అమ్మే ఆవిడ చేరింది. ఆమె పక్కన పూటకూళ్లిల్లు, ఆ పక్కన సంత, అన్నిటికంటే ఆఖరున కోట. కోట మాత్రం తానే ముందు పుట్టినట్టు నిక్కుతూ ఉండేది.

కొత్త రాజుకు సుత్తి చప్పుడు పడలేదు.

"నా నగరంలో రోజంతా ఈ టకటక ఏమిటి?"

పడమటి దారి రాళ్లన్నీ తవ్వించి, రేగడిమన్ను పరిపించాడు. ఆ రాళ్లతో కోటగోడ రెండు నిలువుల ఎత్తు పెంచాడు. జనం మురిసిపోయారు.

నాడాలు కొట్టే ముసలాయన ఒక్కడే కొలువుకు వెళ్లాడు.

"దారి నున్ననైతే ఎవరాగుతారు ప్రభూ? ఊరు పాడుబడుతుంది."

"నా కోట చూసి ఆగుతారు. సంతరోజు ఒక్క బండి ఆగినా నీ మాట అబద్ధమైనట్టే, సుత్తి పట్టే నీ చెయ్యి నరికిస్తాను."

సంతరోజు తెల్లారేసరికి తూర్పు వాకిట మొద్దు వేసి, ముసలాయన చెయ్యి దానికి కట్టేశారు. తలారి కత్తి పట్టుకు నిలబడ్డాడు. గోడమీద రాజు కూర్చున్నాడు.

బండ్లు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే పోయాయి. ఆగితే చెయ్యి పోతుంది, ఆగకపోతే ఊరు పోతుంది. ఏది కోరుకోవాలో ముసలాయనకు తెలియలేదు.

మధ్యాహ్నం ఒక బండి నెమ్మదించింది. తలారి కత్తెత్తాడు.

"అన్నా, పచ్చగడ్డి! కాసేపాగి పో," అని గడ్డి ఆవిడ పిలిచింది. మరుక్షణం మొద్దువైపు చూసి నోరు నొక్కుకుంది.

"పడమటి వాకిలి ఎటమ్మా?" అని అడిగి బండివాడు ఎడ్లను అదిలించాడు.

పొద్దు వాలింది. పూటకూళ్లింటి గుండిగల్లో అన్నం అలాగే ఉంది. ఆఖరి బండి దుమ్ము కూడా అణిగాక రాజు గోడ దిగాడు. ఎవరినీ పిలవలేదు. గోడలోంచి ఒక రాయిని గోళ్లతో పెకలించి, మోసుకొచ్చి ముసలాయన ముందు పెట్టాడు. వేళ్లు నెత్తురోడుతున్నాయి.

"ఇది దారిలో ఎక్కడ ఉండేది?"

"కట్టు విప్పండి ప్రభూ, చూపిస్తాను," అన్నాడు ముసలాయన.